లీకేజీ పట్టే సైదులు చేతులు

సైదులు మొదటి గెలుపు శంకర్‌పల్లి స్టేషన్ రోడ్డు మీద, 2004లో, ఒక కూరగాయల వ్యాన్ కింద. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. ఆ వ్యాన్‌ను ఎక్కడ నిలబెట్టినా గంటలో కింద పళ్లెమంత నల్లటి మడుగు కట్టేది. అప్పటికే ముగ్గురు చూశారు. ఒకాయన ఇంజన్ కింది ఆయిల్ చాంబర్ గ్యాస్కెట్ మార్చాడు. ఇంకొకాయన వెనక సీల్ మార్చాడు. మూడో ఆయన ఇంజనే పోయిందని చేతులు కడుక్కున్నాడు. సైదులు నాలుగు రోజులు ఆ బండి కింద పడుకున్నాడు. నాలుగో రోజు మధ్యాహ్నం కళ్లు మూసుకొని, కుడిచేతి వేలి కొనతో ఇంజన్ పక్కను కింది నుంచి పైకి తడుముకుంటూ పోయాడు. ఆయిల్ ఫిల్టర్ వెనక, కంటికి ఆనని చోట, ఒక బోల్టు కింద రాగి వాషర్ లేదని చెప్పాడు. వాషర్ వేసి బిగించాడు. ఆ మడుగు మళ్లీ కనబడలేదు.

"ఎట్ల పట్టినవ్ రా?" అని అడిగాను.

"మీరు చెప్పిందే గద ఉస్తాద్. తడి తగిలిన కాడ లీకు ఉండదు, దానికన్న మీద ఉంటది అన్నరు. నేను మీదికి పోయిన, అంతే."

అవును, చెప్పింది నేనే. నా పేరు రాజమౌళి. శంకర్‌పల్లి పక్క ప్రొద్దుటూరు బడిలో ఏడో తరగతి దాకా చదివాను. మొయినాబాద్ రోడ్డు మీద నలభై ఒక్క ఏళ్లు షెడ్డు నడిపాను. మూడు వందల పైన ఇంజన్లు విప్పి కట్టాను, ఒక్కటీ తిరిగి రాలేదు. మన మెకానిక్‌ల సంఘం మొదటి తీర్మానం నా చేతిరాతలోనే ఉంది, ఎవరైనా చూడవచ్చు. పదకొండు మందికి పని నేర్పాను. వాళ్లలో నన్ను మించినవాడు సైదులు ఒక్కడే. ఈ మాట నేను ఊరికే అనను.

ఇప్పుడు ఆ సైదులు చేతులు రెండూ కట్లలో ఉన్నాయి. నవంబరు పదమూడు నుంచి హైదరాబాద్ పట్నంలో కాలిన గాయాల వార్డులో ఉన్నాడు. కుడిచేతి వేళ్లు మళ్లీ పనికి వస్తాయా రావా అన్నది డాక్టర్లు ఇంకా తేల్చలేదు. ఈ లోపల చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా ప్రతి చాయ్ హోటల్‌లో ఒకటే మాట: సైదులు చేసిన పని వల్లనే కారు తగలబడిందట, చేసుకున్నవాడే కాలాడట. అందులో సగం నిజం ఉంది. మిగతా సగం తెలిసినవాళ్లు నలుగురమే. అది చెప్పకుండా ఊరుకుంటే నేను నేర్పిన పనికి అర్థం లేదు. అందుకే సంఘం పుస్తకం కోసం ఇది రాస్తున్నాను.

సైదులు 2010లో చేవెళ్లలో, షాబాద్ పోయే దారిలో, సొంత షెడ్డు వేసుకున్నాడు. నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, మధ్యలో గుంత. బోర్డు మీద ఏ కంపెనీ పేరూ రాయించలేదు. 'ఆయిల్ లీకేజీ చూడబడును' అని ఒకే ముక్క. జనం నవ్వారు. రెండేళ్లు తిరిగేసరికి నవ్వినవాళ్లే బండ్లు తోలుకొచ్చారు. ఒక బడి బస్సు గేర్‌బాక్స్ లీకును గంటన్నరలో పట్టాడు. ఊరి పాత నీళ్ల ట్యాంకర్ ఇంజన్‌ను పాతసామానుకు పోకుండా ఆపి, ఇంకా ఆరేళ్లు నడిపించాడు. వికారాబాద్ నుంచి ఒక డాక్టర్ తన తండ్రి నాటి కారును లారీ మీద ఎక్కించి పంపితే, మూడో రోజు అది సొంత చక్రాల మీద తిరిగిపోయింది.

అతని పద్ధతి వేరు. మిగతావాళ్లు తడి చూసి సీల్ మారుస్తారు. సైదులు మొదట ఇంజన్‌ను డీజిల్‌తో, సర్ఫ్ నీళ్లతో కడుగుతాడు. ఎండలో ఆరబెడతాడు. తర్వాత వాళ్లావిడ నిర్మల దగ్గర నుంచి డబ్బాడు ముగ్గుపిండి తెచ్చి, గుడ్డలో మూటగట్టి, ఇంజన్ అంతా తెల్లగా అయ్యేదాకా దులుపుతాడు. అట్లాగే బండిని పది కిలోమీటర్లు తిప్పుకొస్తాడు. బానెట్ ఎత్తితే ఆయిల్ ఎక్కడ పుట్టిందో అక్కడి నుంచి నల్లటి గీత తెల్లపిండి మీద దారి చూపిస్తుంది.

"మా ఇంటి ముంగట ముగ్గు లేకున్న నడుస్తది గని, ఈయన ఇంజన్ల మీద ఉండాలె," అని నిర్మల ఎకసక్కెమాడేది.

ఇక అసలు సంగతి.

చేవెళ్ల దాటి రెండు కిలోమీటర్ల లోపల భూపాల్ పూలతోట ఉంది. చామంతి వేస్తాడు. ఇంట్లో అతని తల్లి రామమ్మ, భార్య రేణుక. పెళ్లయి తొమ్మిదేళ్లు. రేణుకకు రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ పోయింది. రెండోసారి జరిగింది అందరికీ తెలుసు. ఇంటి కిటికీ రెక్కకు కుమ్మరిపురుగు గూడు కట్టింది. మట్టి ఉండలు తెచ్చి బుడ్డిలాగా గూడు కట్టే పురుగు అది. మన పక్క ఇళ్లల్లో ఆ గూడును ఎవరూ ముట్టరు. అది కట్టిన ఇంట్లో కాన్పు అవుతుందని నమ్మకం. రంగులు వేయడానికి వచ్చినవాళ్లు తెలియక దాన్ని గీకేశారు. అదే వారంలో రేణుకకు కడుపు పోయింది. డాక్టర్లు వేరే కారణం చెప్పారు. రామమ్మకు మాత్రం ఆ గీకిన మరకే కనబడేది.

పోయిన మార్చిలో భూపాల్ పందిరి మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని పాత డీజిల్ కారు జులై దాకా తోట షెడ్డులోనే నిలబడిపోయింది. మళ్లీ స్టార్ట్ చేసేసరికి ఆయిల్ కారడం మొదలైంది. రెండు చోట్ల చూపించాడు. రెండు చోట్లా గేర్‌బాక్స్ దించి వెనక సీల్ మార్చారు. కారడం ఆగలేదు. అప్పటికి రేణుకకు ఆరో నెల నడుస్తోంది. మునుపటి అనుభవం వల్ల మొయినాబాద్ అవతల ఒక పెద్ద దవాఖానలో చూపిస్తున్నారు. ఏ గంటన పోవలసి వస్తుందో తెలియదు. భూపాల్ ఆగస్టులో కారును సైదులు షెడ్డుకు తెచ్చిన రోజు నేనూ అక్కడే కూర్చుని ఉన్నాను.

"సైదులన్నా, కాన్పు దాక ఇది నడిస్తె చాలు. అటెనుక దీన్ని బొంద పెట్టినా సరే," అన్నాడు భూపాల్.

"బొంద పెట్టుడెందుకే, నీకన్న మంచిగ నడుస్తది. నీ కాలు ఇంక కుంటుతనే ఉన్నది," అన్నాడు సైదులు.

కడిగాడు, ఆరబెట్టాడు, ముగ్గుపిండి దులిపాడు, తిప్పుకొచ్చాడు. బానెట్ ఎత్తితే గీత ఒకటి కాదు, మూడు. ఇంజన్ నెత్తిన ఉండే ట్యాపెట్ కవర్ కింద ఒకటి, ముందు సీల్ దగ్గర ఒకటి, వెనక ఒకటి. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మూడు సీళ్లు ఒకేసారి పోవు. లోపలి నుంచి ఏదో నెడుతోంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తిప్పాడు. అది చేతిలో నుంచి ఎగిరి పడింది.

ఇంజన్ కూడా మనిషి లాగా ఊపిరి విడవాలి. దానికి ఒక బ్రీదర్ పైపు ఉంటుంది. పైన ట్యాపెట్ కవర్ నుంచి మొదలై, కింద గాలిలోకి వేలాడుతుంది. సైదులు ఆ పైపు వెంట వేళ్లతో తడుముకుంటూ కిందికి పోయాడు. చివర గట్టిగా ఏదో తగిలింది. టార్చి వేసి చూశాడు. పైపు నోట్లో మట్టి గూడు. కాల్చిన కుండలాగా బిగుసుకొని ఉంది. కారు నిలబడిన నెలల్లో కుమ్మరిపురుగు కట్టుకుంది.

రెండు మెకానిక్ షెడ్లు గేర్‌బాక్స్ దించి పట్టలేనిదాన్ని అతను పూటలో పట్టాడు. ఒక్క స్క్రూడ్రైవర్ పోటుతో పని అయిపోయేది. సైదులు స్క్రూడ్రైవర్ తీశాడు కూడా.

భూపాల్ ముఖం తెల్లబోయింది. "ఆగన్నా. అమ్మకు చెప్పాలె."

ఫోన్ చేశాడు. అరగంటలో రామమ్మ ఆటోలో వచ్చి దిగింది. వంగి, టార్చి వెలుగులో ఆ గూడును చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"దీన్ని ముట్టకు కొడకా. నీ కాళ్లు మొక్కుత."

"అవ్వా, ఇది ఇంజన్ ముక్కుల ఉన్నది. తియ్యకపోతె బండి సస్తది."

"బండి సస్తె సావనియ్యి. కాన్పు దాక ఆగు. మూడు నెలలు. అటెనుక నీ ఇష్టం."

"బండి సస్తె రేణుకమ్మను దేన్ల తీస్కపోతవ్? నీ సంకల ఎత్తుకొని పోతవా?"

రామమ్మ నవ్వలేదు. "ఒకపారి గీకిన్రు. సూసినం గద," అంది.

సైదులు మొదట పైపునే విప్పి, గూడుతో సహా షెడ్డు వాసానికి కడతానన్నాడు. ఆమె దానికీ ఒప్పుకోలేదు. కట్టిన చోటు నుంచి కదిలిస్తే విరగ్గొట్టినట్టేనట. భూపాల్ నేల చూపులు చూస్తున్నాడు. సైదులు నా వైపు తిరిగాడు.

"ఏం చేద్దాం ఉస్తాద్?"

ఇక్కడే నేను రాయవలసిన సగం ఉంది. నేను డెబ్బై ఒక్క ఏళ్లవాణ్ని, ఇంత పని తెలిసినవాణ్ని. కుదరదు, గూడు తీయవలసిందే అని ఒక్క మాట అంటే రామమ్మ వినేది. నా మాటకు ఆ రోడ్డు మీద ఆ విలువ ఉంది. నేను అనలేదు. "పెద్దమనిషి భయం పెద్దమనిషిది. దాన్ని కదిలియ్యకుండ ఏమన్న ఉపాయం చెయ్యరా," అన్నాను.

సైదులు ఉపాయం చేశాడు. పాత పైపును గూడుతో సహా దాని క్లిప్పులోనే ఉంచాడు. పై కొసను మాత్రం ఊడదీసి, అక్కడ చిన్న రబ్బరు గొట్టం పెట్టాడు. ఇంజన్ ఊపిరి ఇప్పుడు ఆ గొట్టంలో నుంచి పోవాలి. ఊపిరితో పాటు కొంచెం ఆయిల్ చెమ్మ వస్తుంది. అది పట్టడానికి గొట్టం కొసకు ఒక ప్లాస్టిక్ సీసా, మూతకు చిల్లి పొడిచి, తీగతో కట్టాడు. సైలెన్సర్ మొదలుకు దూరంగా పోయే దారి ఒక్కటే ఉంది. అందులో గూడు ఉన్న పైపు ఉంది. కాబట్టి సీసా సైలెన్సర్ వేడి పైపు పక్కనే వచ్చింది. మధ్యలో రేకు ముక్క అడ్డం పెట్టాడు.

బండి స్టార్ట్ చేసి మూత తీస్తే ఎగరలేదు. మళ్లీ ముగ్గుపిండి దులిపి తిప్పుకొచ్చాడు. ఒక్క గీత లేదు.

"ప్రతి ఆదివారం సీస ఖాళీ చెయ్యాలె భూపాల్. మరిస్తె నిండి పొర్లుతది. పొర్లితె ఎక్కడ పడ్తదో చూసినవ్ గద?"

"చూసిన అన్నా."

"మంచిగున్నది," అన్నాను నేను. నిజంగానే మెచ్చుకున్నాను. నా శిష్యుడి తెలివి అని ఆ సాయంత్రం మొయినాబాద్ బస్సులో పక్కన కూర్చున్నవాడికి కూడా చెప్పాను.

ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గడిచాయి. భూపాల్ ప్రతి ఆదివారం సీసా ఖాళీ చేశాడు. కార్తీకమాసం వచ్చింది. చామంతికి ఊపిరి తీసుకోనివ్వని గిరాకీ. తెల్లవారకముందే పూలు తెంపి ఆటోలో పట్నం పోవడం, పొద్దు గూకినాక రావడం. రెండు ఆదివారాలు సీసా సంగతి మరిచిపోయాడు. ఈ మాట భూపాల్ నాకు తానే చెప్పాడు, ఎవరూ అడగకముందే.

నవంబరు పదమూడు, గురువారం, ఉదయం పదకొండుకు రేణుకకు నొప్పులు వచ్చాయి. చెప్పిన తేదీకి ఇంకా రెండు వారాలు ఉంది. భూపాల్ పట్నంలో ఉన్నాడు. రామమ్మకు కారు నడపరాదు. సైదులుకు ఫోన్ చేసింది. సైదులు చేతిలో పని అక్కడే వదిలి బైక్ మీద పోయాడు. ఏ బండినైనా బానెట్ ఎత్తి చూడకుండా తాళం తిప్పని మనిషి, ఆ రోజు చూడలేదు. రేణుక అరుస్తోంది. ఇద్దరినీ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి బయలుదేరాడు.

మొయినాబాద్ ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా బానెట్ సందుల్లో నుంచి పొగ వచ్చింది. సైదులు బండిని పక్కకు తీసి ఆపాడు. రామమ్మను దింపాడు. రేణుకను రెండు చేతులతో ఎత్తి, యాభై అడుగుల అవతల గట్టు మీద పడుకోబెట్టాడు. రోడ్డుకు అడ్డంగా నిలబడి, ఎదురొచ్చిన టమాటా ట్రాలీని పోనిచ్చి, దాని వెనక వస్తున్న కారును ఆపాడు. అందులో భార్యాభర్తలు ఉన్నారు. మారుమాట లేకుండా బండి తిప్పి రేణుకను ఎక్కించుకున్నారు. ఇదంతా ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఇంతవరకు అతను చేసిందంతా సరిగ్గానే చేశాడు. అక్కడే నిలబడి ఉంటే ఒక పాత కారు కాలిపోయేది, అంతే.

ఆ కారు ఎక్కుతూ రామమ్మ ఒక్కసారి వెనక్కి, పొగ వస్తున్న బానెట్ వైపు చూసింది. నోరు తెరిచి ఏమీ అనలేదు. సైదులు ఆ చూపు చూశాడు.

"పో అవ్వా, గూడు నేను చూస్త. నువ్వు బిడ్డను చూస్కో," అన్నాడు.

వాళ్ల కారు కదిలింది. సైదులు గుడ్డ చేతికి చుట్టుకొని బానెట్ ఎత్తాడు. లోపల మండుతుంటే బానెట్ ఎత్తకూడదని, ఎత్తితే గాలి దూరి ఒక్కసారిగా లేస్తుందని అతనికి తెలుసు. నేర్పింది నేను. లేచింది. అతను ఆ మంటలోకి రెండు చేతులూ పెట్టి, క్లిప్పు ఊడగొట్టి, ఆ పైపు లాగి బయట పడేశాడు. తర్వాత రోడ్డు మీద పడిపోయాడు.

చూసిన ఒక బైకువాడు సైదులు ఫోన్ నుంచి నాకు చేశాడు. నేను ఆటోలో పోయేసరికి సైదులు గట్టు మీద కూర్చొని ఉన్నాడు. చేతులు గాలిలో ఎత్తి పట్టుకున్నాడు. మోచేతుల దాకా తోలు లేదు. కనుబొమలు లేవు.

"ఉస్తాద్, పైపు అటు పడ్డది. ఎవరన్న తొక్కుతరు, జర తియ్యండి," అన్నాడు.

"నీ పైపు మీద మన్ను పొయ్య! లెవ్వు ముందు!"

అతన్ని దవాఖానకు పంపించాక పైపు తీశాను. రబ్బరు కాలి, మట్టి బీటలు వారింది. గూడు నా చేతిలోనే రెండు ముక్కలైంది. లోపలి గదులలో పురుగు లేదు. ఎండిన పొట్టు ఉంది. ఎప్పుడో ఎగిరిపోయిందో, ఆయిల్ ఆవిరికి లోపలనే చచ్చిందో చెప్పలేను. ఆగస్టులో మేమందరం దండం పెట్టి కాపాడిన గూడులో అప్పటికే ఏమీ లేదేమో. ఇది నేను సైదులుకు ఇంతవరకు చెప్పలేదు. ఈ పుస్తకం అచ్చయితే చదువుతాడు. చదవనీ. నా నోటితో చెప్పే ధైర్యం నాకు లేదు.

రేణుకకు ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. రెండు కిలోలు కూడా లేదు. పద్దెనిమిది రోజులు గాజుపెట్టెలో ఉంచి ఇంటికి పంపారు. ఇప్పుడు బాగుంది. రామమ్మ మాత్రం బిడ్డను ఎత్తుకోవడానికి చాలా రోజులు భయపడింది. డిసెంబరులో నేను తోటకు పోతే, గడప మీద కూర్చొని చేతులు చూసుకుంటూ ఉంది.

"నేను ఒక్కపారి చూసిన అంతే ఉస్తాదూ. నోరు మెదపలే. మెదిపిననా?"

"లేదు రామమ్మా."

"మరెందుకు పోయిండు?"

దానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆగస్టులో నన్ను అడిగినప్పుడు నేను కుదరదని అనలేదు కాబట్టి పోయాడు. అతను గూడును చూస్తానని మాట ఇచ్చింది నా మాట మీద.

కుడిచేతి మీద ఇప్పటికి మూడు ఆపరేషన్లు అయ్యాయి. తొడ నుంచి తోలు తీసి వేశారు. ఎడమ చేయి బాగుపడుతోంది. కుడిచేతి మూడు వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోతే మళ్లీ విడదీశారు. బొటనవేలు, చూపుడువేలు వంగుతున్నాయి. నిర్మల ఈ మూడు నెలలుగా అక్కడే ఉంది. అతనికి అన్నం కలిపి ముద్దలు పెడుతోంది.

పోయిన వారం నేను పోయినప్పుడు కట్టు మారుస్తున్నారు. సైదులు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఉస్తాద్, మీ చెయ్యి కడుక్కొని జర తడిగ తెండి."

తెచ్చాను. అతను చూపుడువేలి కొన నా అరచేతిలో పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు, శంకర్‌పల్లిలో మూసుకున్నట్టే. వేలిని అరచేతి ఈ కొస నుంచి ఆ కొసకు జరిపాడు.

"తడి తెలుస్తలేదు ఉస్తాద్."

నిర్మల గోడ వైపు తిరిగింది. "తెలుస్తది లే. మొన్ననే గద తోలేసిన్రు," అంది.

"వేడి తెలుస్తున్నది, నొప్పి తెలుస్తున్నది. తడి ఒక్కటే తెలుస్తలేదు," అన్నాడతను. కేకలు పెట్టలేదు, ఏడవలేదు. ఇంజన్‌లో లోపం చెప్పినట్టు చెప్పాడు.

నరాలకు సమయం పడుతుందని డాక్టరమ్మ చెప్పింది. ఆరు నెలలో, ఏడాదో, అసలు రానే రాదో ఆమె కూడా ఖాయంగా అనలేదు. సైదులు పనికి రాడని మాట్లాడుతున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే: రెండు షెడ్లు పట్టలేని లీకును పూటలో పట్టినవాడు సైదులు. మండుతున్న బండిలో నుంచి ఇద్దరు ఆడవాళ్లను, కడుపులో ఉన్న ఒకరిని గీత పడకుండా దింపినవాడు సైదులు. తప్పు పని చేయించింది మేము ముగ్గురం. అందులో మొదటివాణ్ని నేను.

అతని షెడ్డు మూయలేదు. వారానికి మూడు రోజులు మొయినాబాద్ నుంచి బస్సులో వచ్చి నేనే తెరుస్తున్నాను. మోకాళ్లు వంగవు, గుంతలోకి దిగలేను. వచ్చిన బండ్లను చూసి, చిన్నవి చేసి పంపి, పెద్దవాటికి అన్నిటికీ ఒకటే తేదీ చెబుతున్నాను. వేళ్లకు స్పర్శ వచ్చినా రాకున్నా అతన్ని ఇంటికి పంపుతామని డాక్టర్లు కాగితం మీద రాసిచ్చిన తేదీ అది: మార్చి పద్నాలుగు, శనివారం.